సింగారయ్య వయసు మోసిన కుబుసం

గుట్టకు పడమటి వాలులో, కందిచేలు ఆగిపోయి సీతాఫలం పొదలు మొదలయ్యే చోట, పాడుబడ్డ సున్నం బట్టీ ఒకటి ఉంది. సున్నం కాల్చే మనుషులు ఎప్పుడో వెళ్లిపోయారు. గుండ్రటి రాతిగోడ, కింద ఒక ఇరుకు నోరు, పైన ఆకాశం కనిపించే చిన్న కంత మాత్రం మిగిలాయి. ఎండ మండిపోయే మిట్టమధ్యాహ్నం కూడా ఆ నోట్లోంచి చల్లటి గాలి వచ్చేది. ఆ గాలి తగిలితే కుందేళ్లు దారి మార్చుకునేవి. ఎందుకని అడిగితే వాటికీ తెలీదు.

బట్టీకి కూతవేటు దూరంలో మద్దిచెట్ల మీద నెమళ్ల మంద ఒకటి కాపురముండేది. ఆ మందలో అందగాడు సింగారయ్య. అందగాడంటే అలాంటిలాంటి అందగాడు కాదు. పురి విప్పి నిలబడితే గుట్ట మీది మేకలు మేత ఆపి చూసేవి. ఆ సంగతి మేకలకన్నా సింగారయ్యకే బాగా తెలుసు, అక్కడే వచ్చింది చిక్కంతా. వానగుంట కనిపిస్తే తాగడానికని వంగేవాడు, నీళ్లలో తన్ను తాను చూసుకుంటూ తాగడం మర్చిపోయి దాహంతోనే తిరిగొచ్చేవాడు.

ఆ మందకో కట్టుబాటు ఉంది. వానలు ముదిరాక, భాద్రపదంలో మగనెమళ్ల తోక ఈకలన్నీ రాలిపోతాయి. సరిగ్గా అప్పటికే గుడ్లు పగిలి పిల్లలు కందిచేలో తిరుగుతుంటాయి. ఆడవాళ్లు పొదిగి పొదిగి చిక్కి సగమై ఉంటారు. అందుకని తోకలు రాలిన మగవాళ్లంతా పిల్లల కాపు కాయాలి. తోక బరువుండదు కాబట్టి ముళ్లపొదల్లో దూరగలరు, చటుక్కున తిరగగలరు, పాము కనిపిస్తే ఎగిరి పట్టగలరు. కాపు కాసేవాడు "క్కొం... క్కొం" అని పిలిస్తే పిల్లలు ఎక్కడున్నా పరుగెత్తి రావాలి. ఎందుకు పిలిచావని అడక్కూడదు. పిల్లలకు నేర్పే మొదటి పాఠం అదే.

సింగారయ్యకు ఆ కాపంటే చచ్చేంత సిగ్గు. కిందటేడు ఈకలు రాలగానే కడుపునొప్పని చెప్పి నెలరోజులు పొదలోంచి బయటికి రాలేదు. ఈ ఏడు మొదటి ఈక పొద్దున్నే అందరూ గింజలేరుకునే చోట, అందరి ముందే రాలింది.

మంద పెద్ద ఓబులేసు తాత చూశాడు. ఆయన తోక అప్పటికే రాలి నాలుగు రోజులైంది.

"రాలిందా? మంచిది. రేపట్నుంచి కాపుకి రా అబ్బాయ్. పాముల్ని పట్టడంలో నీ అంత జోరైనవాడు మనలో లేడు."

"నన్ను చూసి అందరూ నవ్వరూ?"

"నవ్వుతారు. నన్ను చూసీ నవ్వారు. సాయంత్రానికి ఆకలేసి ఎవరి దారిన వాళ్లు పోయారు."

సింగారయ్య రాలిన ఈకను ముక్కున కరుచుకుని, మూతి ముడుచుకుని, ఎవరూ కనిపించని చోటుకని నడుచుకుంటూ పోయాడు. మిట్టమధ్యాహ్నానికి సున్నం బట్టీ ముందుకొచ్చాడు. అక్కడ రాయి మీద ఒక జెర్రిపోతు ఎండ కాగుతోంది. నెమలి కాలు ఎప్పుడు లేచిందో ఎప్పుడు పడిందో, పాము మెడ దానికింద నలిగింది.

ఆ జెర్రిపోతు పేరు చెంచురామయ్య. అన్నేళ్ల బతుకులో నెమలి కాలికింద పడటం అదే మొదలు. అయినా గొంతు వణకనివ్వలేదు.

"చంపేవాడివి ఎలాగూ చంపుతావు నాయనా. ఆ ఈక కాస్త పక్కన పెట్టి చంపు. నెత్తురు పడితే పాడైపోతుంది."

సింగారయ్య ఆగాడు. ఈకను జాగ్రత్తగా పక్కన పెట్టాడు.

"నీదేనా?" అన్నాడు చెంచురామయ్య.

"నాదే."

"అయ్యో, ఇంత చిన్న వయసులోనే!"

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. కాలు కొంచెం వదులైంది.

"నా వయసెంత ఉంటుందనుకుంటున్నావు?" అన్నాడు చెంచురామయ్య. "ఒంటి మీద ఎక్కడైనా ముడత ఉందేమో వెతుకు. ఈ గుట్ట మీద మొదటి బట్టీ అంటించిన రోజున నేనిక్కడే ఉన్నాను."

"పాములన్నీ కుబుసం విడుస్తాయిగా. అందులో వింతేముంది?"

"అందరూ విడిచి పారేస్తారు. నేను పారెయ్యలేదు. లోపలికి తొంగిచూడు."

సింగారయ్య బట్టీ నోట్లో తల పెట్టాడు. గోడలోంచి పొడుచుకొచ్చిన రాయికి ఒక కుబుసం వేలాడుతోంది. తల నుంచి తోక దాకా ఎక్కడా చిరగలేదు. కళ్ల మీది పొరలు కూడా అలాగే ఉన్నాయి. లోపల గాలి ఆడటం లేదు. కుబుసం మాత్రం అటూ ఇటూ ఊగుతోంది.

"నా ముసలితనమంతా అందులో ఉంది" అన్నాడు చెంచురామయ్య వెనక నుంచి. "నీ ఈక దాని నోట్లో పెట్టు. నీకు రావాల్సిన ఏళ్లు దానికి వస్తాయి. నువ్వు ఇవాళ ఎలా ఉన్నావో అలాగే ఉంటావు. ఒక్క ఈక కూడా రాలదు."

"దానికి బదులు నీకేం కావాలి?"

"నా ప్రాణం. అంతే. నీ మంచి కోరి ఇంకో రెండు మాటలు చెబుతాను. తోక ఉన్నవాడికి ముళ్లలో దూరే పని పనికిరాదు, కాపు గీపు మానెయ్. ఆ తర్వాత, ఇటువైపు రాకు. వచ్చినా దాన్ని చూడకు."

"ఇందులో ఏదో మోసముంది."

"ముసలితనం నిన్ను అడక్కుండా వస్తుంది. నేను అడుగుతున్నాను కదా నాయనా!"

సింగారయ్య ఈకను కుబుసం నోట్లో పెట్టాడు. ఈక మెల్లగా లోపలికి పోయింది. కుబుసం గొంతు దగ్గర ఏదో కదిలింది, గుటక వేసినట్టు. సింగారయ్య పాము మీంచి కాలు తీసేసి, వెనక్కి చూడకుండా మద్దిచెట్ల దారి పట్టాడు.

ఆ ఏడు మందలో మగవాళ్లందరి తోకలూ రాలాయి. సింగారయ్యది రాలలేదు. మిగతావాళ్లు మోడు పిర్రలతో పిల్లల వెంట పరుగెత్తుతుంటే, భాద్రపదం ఎండలో ఒక్కడే పురి విప్పి ఆడాడు. ఓబులేసు తాత కాపుకి పిలిచాడు.

"ఈ తోకతోనా తాతా?" అన్నాడు సింగారయ్య.

కారణం కళ్లెదురుగా గజం పొడవున కనిపిస్తుంటే ఎవరు మాత్రం ఏం చెబుతారు!

పిల్లలు మాయమవడం కూడా ఆ ఏడే మొదలైంది. నక్క వస్తే అడుగులుంటాయి, గద్ద వస్తే అరుపు వినబడుతుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. మిట్టమధ్యాహ్నం కందిచేలో ఆరుగురు పిల్లలు ఆడుకుంటుంటే, మరుక్షణానికి ఐదుగురే ఉండేవాళ్లు. చిన్న బొచ్చు ఈక కూడా దొరికేది కాదు.

ఏడాది గడిచింది, రెండేళ్లు గడిచాయి. సింగారయ్య ఈక మీద ఒక్క మరక లేదు. మొదట్లో చుట్టూ మూగిన ఆడనెమళ్లు ఎందుకో దూరంగా జరగసాగాయి. తోటి మగవాళ్లు వాడి పక్క కొమ్మ మీద కూర్చోవడం మానేశారు. ఒక్క పుల్లమ్మ మాత్రం వాడితో కాపురం చేసింది. ఆమె కూడా వాడి మొహంకేసి ఎక్కువసేపు చూసేది కాదు.

"ఏంటి, చూడవు?" అని వాడు అడిగితే, "నిన్నటి మొహమేగా" అనేది.

మూడో ఏడు సింగారయ్యకు ఆగబుద్ధి కాలేదు. చెంచురామయ్య లేని సమయం చూసుకుని బట్టీలో తల పెట్టాడు.

కుబుసానికి మెడ వచ్చింది. పాము మెడ కాదు, ఈకలూడి ముడతలు పడ్డ నెమలి మెడ. కింద రెండు కాళ్లు వేలాడుతున్నాయి, ముసలి పొలుసులు లేచిపోయి. తల మీద కుచ్చు సగం విరిగింది. కళ్లు మూసుకుని ఉన్నాయి. అది నిద్రపోతున్నట్టు మెల్లగా ఊపిరి తీస్తోంది.

సింగారయ్య పరుగెత్తి వానగుంట దగ్గరికి పోయి చూసుకున్నాడు. నీళ్లలో నీలిమెడ నిగనిగలాడుతోంది. అప్పుడు వాడికి భయం పోయి ఊరట కలిగింది. నవ్వాడు కూడా. ఈ కథలో వాడు చేసిన అసలు తప్పు ఆ నవ్వేనని నేనంటాను. ఈక పెట్టినప్పుడు తెలియక పెట్టాడు. నవ్వినప్పుడు తెలిసే నవ్వాడు.

నాలుగో ఏడు ఓబులేసు తాత వాడి చెట్టు కిందికి నడిచొచ్చాడు. ఎగిరే ఓపిక ఆయనకు తగ్గింది.

"అబ్బాయ్, ఆ బట్టీ వైపు ఏదో ఉంది. పిల్లలు అటే పోతున్నారు. నా కాళ్లు సహకరించట్లేదు. ఒక్క పూట నాతో రా."

"అక్కడంతా ముళ్లు తాతా."

"తెలుసు. ముళ్లున్నాయనే నిన్ను తోడు పిలుస్తున్నాను."

"తోక పాడవుతుంది."

ఓబులేసు తాత తిట్టలేదు. ఒక్కడే వెళ్లాడు. మర్నాడు ఆయన బట్టీ నోటి ముందు మెడ విరిగి పడి ఉన్నాడు. మందంతా ఏడ్చింది. సింగారయ్యకూ ఏడుపొచ్చింది, కాదనను. అందరూ వెళ్లాక మాత్రం మళ్లీ లోపలికి తొంగిచూశాడు. కుబుసం ముక్కుకు ఎర్రగా ఏదో అంటుకుని ఉంది.

సింగారయ్య తన ముక్కును మట్టికేసి తుడుచుకున్నాడు. అది శుభ్రంగానే ఉంది. అయినా తుడుస్తూనే ఉన్నాడు.

ఆరో ఏడు పుల్లమ్మ నలుగురు పిల్లల్ని లేపింది. పాతిక రోజుల్లో ముగ్గురు పోయారు. ఒక మధ్యాహ్నం ఆమె కందిచేను గట్టు మీద సింగారయ్య ఎదురుగా వచ్చి నిలబడింది. కాస్త దూరంలో చేను చివర, బట్టీకి దగ్గరగా, మిగిలిన ఒక్క ఆడపిల్ల పురుగుల కోసం మట్టి గీకుతోంది.

"ఇంక మిగిలింది అదొక్కత్తే" అంది పుల్లమ్మ. "దాన్నయినా నాకు వదిలెయ్."

"నేనేం చేశానే?"

"నిన్న నా కళ్లతో చూశాను. నువ్వు పిలిచావు, వాడు వెళ్లాడు. మళ్లీ రాలేదు. నువ్వేం చేస్తున్నావో నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా లేదు."

"నేను పిలవలేదు! నిన్నంతా నేను చెట్టు దిగలేదే!"

"ఆరేళ్లు కాపురం చేశాను. నీ గొంతు నాకు తెలీదా?"

సింగారయ్య ఏదో అనబోయాడు. నోరు తెరిచాడు గానీ మాట ఇంకా బయటికి రాలేదు. అప్పుడు వాడి గొంతు బట్టీలోంచి వినబడింది.

"క్కొం... క్కొం..."

అచ్చంగా వాడి గొంతే. అదే జీర, చివర అదే సాగదీత. పుల్లమ్మ వాడి మూతికేసి చూసింది, బట్టీకేసి చూసింది. చేను చివర పిల్ల తల ఎత్తి, పురుగును వదిలేసి, బుద్ధిగా బట్టీ వైపు పరుగెత్తింది.

సింగారయ్య పరుగందుకున్నాడు. ఆరేళ్లుగా ఒక్క ఈక రాలని తోక సీతాఫలం కొమ్మలకు తగులుకుంది, తుమ్మముళ్లకు చుట్టుకుంది. లాక్కుంటూ, పడుతూ లేస్తూ పోయాడు. పుల్లమ్మ వాడి మీదుగా ఎగిరి బట్టీ పైనున్న కంత దగ్గర వాలింది. ఆ కంతలో తల పడుతుంది గానీ ఒళ్లు పట్టదు.

సింగారయ్య బట్టీ కింది నోటిలోంచి లోపలికి దూకాడు. మెడ, రెక్కలు లోపలికి వెళ్లాయి. తోక మాత్రం రాళ్ల మధ్య ఇరుక్కుంది. ముందుకూ లేదు, వెనక్కీ లేదు.

ఎదురుగా, ముక్కుకు అందేంత దగ్గరలో, అది వేలాడుతోంది. ఈసారి కళ్లు తెరిచి ఉంది. అవి సింగారయ్య కళ్లే, కాకపోతే వందేళ్లు నిద్రలేని కళ్లు. దాని కింద పిల్ల నిలబడి తల పైకెత్తి చూస్తోంది. పిల్ల వెనకాల చెంచురామయ్య చుట్టలు చుట్టుకుని, నిగనిగలాడుతూ కూర్చున్నాడు.

"చూడొద్దన్నాను కదా నాయనా" అన్నాడు.

"నా పిల్లను వదులు."

"నేను పట్టుకోలేదే! నువ్వు పిలిచావు, వచ్చింది. అందరూ అలాగే వచ్చారు. ఓబులేసు కూడా నీ గొంతు విని, నువ్వు సాయానికొచ్చావనుకుని లోపలికి వంగాడు పాపం."

సింగారయ్య గింజుకున్నాడు. తోక కదల్లేదు.

"దీన్ని చింపేస్తాను" అన్నాడు.

"చింపు, నీ ముక్కు ముందే ఉంది. కానీ అది మోసింది ఆరేళ్లే అనుకోకు. నువ్వు ఎగ్గొట్టిన ప్రతి కాపూ దాని మీద ఒక ఏడాది వేసింది. అదంతా ఒక్క గుక్కలో నీ మీదికొస్తుంది. చూసుకో దాన్ని. బయటికి వెళ్లేది ఆ మొహంతోనే."

సింగారయ్య చూశాడు. ఊడిపోయిన మెడ, వంగిన ముక్కు, చీము కారే కన్ను. అబద్ధమెందుకు, వాడు ఆగాడు. పిల్ల అక్కడే ఉంది, పాము నోరు తెరుచుకుంటోంది, అయినా వాడు ఆగాడు. మేకలు గుర్తొచ్చాయి వాడికి. తల్లి పైనుంచి కెవ్వుమంటోంది.

అప్పుడు పిల్ల నోరు విప్పింది. సింగారయ్యతో కాదు. పైన వేలాడేదాన్ని చూస్తూ, చాలా మర్యాదగా అడిగింది.

"నాన్నా, ఎందుకు పిలిచావు?"

ఆ పిల్ల పుట్టి పాతిక రోజులైంది. ఒక్కనాడు కూడా సింగారయ్య దాన్ని పిలవలేదు. నాన్న పిలుపంటే దానికి తెలిసింది ఇదొక్కటే. వాడు మెడ చాచి, కుబుసాన్ని గొంతు దగ్గర పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి నిలువునా చీల్చాడు.

బట్టీ నిండా ఒక నిట్టూర్పు వినబడింది. ఈకలు రాలడం మొదలైంది. ఒకటీ రెండూ కాదు, తోక తోకంతా ఒక్కసారిగా ఊడి బట్టీ నోటి దగ్గర కుప్పపడింది. సింగారయ్య మెడ కుంగింది, కాళ్లు వంకరపోయాయి, ఒక కంటికి పొర కమ్మింది. కానీ రాళ్ల పట్టు వదిలింది. ముందుకు తూలి, పిల్లను రెక్క కిందికి లాక్కుని, పాముకెదురుగా నిలబడ్డాడు.

కొట్టాల్సిన అవసరం రాలేదు. చెంచురామయ్య చిరిగిన కుబుసంకేసి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నిగనిగలాడే ఒళ్లు ఒక్కో పొలుసూ తెల్లబడుతోంది. వాడి ఏళ్లు కూడా అందులోనే ఉన్నాయి మరి, బట్టీ కట్టకముందు నుంచీ దాచినవి.

"చింపవనుకున్నాను" అన్నాడు గొణుగుతూ. "ఆరేళ్లుగా నిన్ను చూస్తున్నాను. నువ్వు చింపవనుకున్నాను."

మాట పూర్తయ్యేసరికి చుట్టలు చుట్టలుగానే పొడైపోయి సున్నంలో కలిసిపోయాడు.

సింగారయ్య పిల్లను ముందు పంపి తాను వెనక పాక్కుంటూ ఎండలోకి వచ్చాడు. అరుపులు విని మందంతా అక్కడికి చేరింది. ఎవరూ పలకరించలేదు. ఎవరో ముసలాయన, ఏ మంద నుంచి తప్పిపోయి వచ్చాడో అనుకున్నారు. ఒకడు మర్యాదగా పక్కకు జరిగి నీడ చూపించాడు.

"ఎవరమ్మా ఆయన?" అని పుల్లమ్మను అడిగారు.

పుల్లమ్మ పైనున్న కంత దగ్గర్నుంచి దిగివచ్చింది. లోపల జరిగిందంతా ఆమె చూసింది, వాడు ఆగడం కూడా చూసింది. వాడి దగ్గరగా వచ్చి, ఆ ముడతల మొహంకేసి రెప్ప వేయకుండా చూసింది.

"మా ఆయన" అంది.

సింగారయ్య తల ఎత్తలేదు. పిల్ల వాడి చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. వెనక్కి పోయి చూసింది, మళ్లీ ముందుకొచ్చింది.

"నీకు తోక లేదేం?"

"రాలిపోయిందమ్మా."

"రాలేటప్పుడు నొప్పి పుట్టిందా?"

సింగారయ్య ఆ ఈకలు ఊడిన క్షణాన్ని గుర్తు చేసుకున్నాడు.

"లేదు" అన్నాడు. "అసలేం తెలియలేదు."

చెప్పాక ఆ మాట వాడికే వినబడింది. ఓబులేసు తాత, ముగ్గురు పిల్లలు, అంతకుముందు పోయిన ఇంకెందరో పిల్లలు వాడి కళ్లముందు వరసగా నిలబడ్డారు. ముసలి సింగారయ్య ఆ ఎండలో, అందరూ చూస్తుండగా, గొంతెత్తి ఏడ్చాడు.

తనకు రావాల్సిన వయసును వద్దనుకున్నవాడు, దాన్ని ఎవరో ఒకరి చేత మోయిస్తాడు.